ల్యాప్‌టాప్ కొన్నాం, ఉద్యోగం వచ్చింది

నాలుగేళ్ల ఇంజనీరింగు, ఆపైన రెండేళ్ల అమీర్‌పేట కోచింగు చేసినా చాలామందికి రాని ఉద్యోగం మా మేనకోడలికి 16,500 రూపాయలకే వచ్చింది. పిల్ల ఇంకా ఫస్టియరు.

సికింద్రాబాద్‌లో ఒక సెకండ్‌హ్యాండ్ దుకాణంలో ల్యాప్‌టాప్ కొన్నాం. నెలరోజులు బుద్ధిగానే పనిచేసింది. ఏదో వైరస్ ఉందన్న అనుమానంతో పిల్ల రీసెట్ కొట్టింది. విండోస్ మళ్లీ ఎక్కింది, వైఫై కలిసింది, తెర మీద ఒక పెద్ద కంపెనీ పేరుతో స్వాగతం పలికింది. కింద ఒక గడి. అందులో మీ ఆఫీసు మెయిల్ ఐడీ కొట్టండి అని.

పిల్ల పైకి చదవడమే పొరపాటు. అక్క అత్తగారు అప్పటికే పూజగదిలోకి నడిచారు. అక్క ఎంత చెప్పినా కొబ్బరికాయ ఆగలేదు. పక్కింటావిడ వచ్చి క్యాబు ఇంటిదాకా వస్తుందా, మెయిన్ రోడ్డు దాకానా అని ఆరా తీసింది. ‘ఫస్టియర్లోనే తీసుకున్నారంటే వెనక ఎవరో పెద్ద తలకాయ ఉండే ఉంటుంది’ అని ఎదురింటాయన తేల్చాడు. సాయంత్రానికి పెద్దావిడ ఫోన్లో ఎవరికో చెబుతున్నారు: ‘జీతం ఇంకా చెప్పలేదు గానీ, ల్యాప్‌టాప్ మాత్రం కంపెనీదేనట!’

ఈ మొత్తం వ్యవహారంలో నిజం పలికింది ఆవిడొక్కరే.

దుకాణానికి వెళ్తే కుర్రాడు మమ్మల్నే కోప్పడ్డాడు. ‘రీసెట్ ఎవరు కొట్టమన్నరన్నా? నెట్ పెట్టకుండ ఓపెన్ చేసిచ్చిన గదా!’ అంటే నాయనకి ముందే తెలుసు. చెకింగ్ వారంటీ పదిహేను రోజులట, అది తీరిపోయిందట. పక్క కొట్టువాడు హార్డ్‌డిస్క్ మార్చమన్నాడు. ఆ పక్కవాడు మదర్‌బోర్డు మీద గుండ్రటి బ్యాటరీ పీకి పెట్టమన్నాడు. పాతకాలపు డబ్బాల్లో, మెషిన్ ఆన్ కాగానే అడిగే బయోస్ పాస్‌వర్డుకి ఆ వైద్యం పనిచేసేది. ఇప్పటి ఆఫీసు మోడళ్లలో ఆ పాస్‌వర్డు కరెంటు లేకపోయినా చెరగని చిప్పులో ఉంటుంది. మా జబ్బు అది కూడా కాదు, ఆటోపైలట్ అని కంపెనీలు తమ మెషిన్లకి వేసుకునే తాళం. మెషిన్ గుర్తులు కంపెనీ పేరు మీద మైక్రోసాఫ్ట్ దగ్గర నమోదై ఉంటాయి. డిస్క్ మార్చినా, కొత్త విండోస్ ఎక్కించినా, ఆ సెటప్‌లో నెట్ తగలగానే పాత యజమాని గుమ్మం ముందుకే తీసుకెళ్లి నిలబెడుతుంది. ఆపిల్ వాళ్లూ 2019 నుంచి మ్యాక్‌లకి ఇలాంటి తాళమే వేస్తున్నారు.

తాళం తప్పని నేననను. ల్యాప్‌టాప్ కొట్టేసినవాడికి అది ఇటుకలా మిగలాల్సిందే. కానీ మాది దొంగసొత్తు కాదు. కంపెనీయే పాత సామానంతా లాటుగా అమ్ముకుంది. తూకం వేసింది, డబ్బు లెక్కపెట్టుకుంది, లారీ ఎక్కించింది. మైక్రోసాఫ్ట్ దగ్గరున్న తన జాబితాలోంచి ఈ మెషిన్ని తీసెయ్యడం ఒక్కటే మరిచిపోయింది. ఐటీ అడ్మినుకి అది నాలుగు క్లిక్కుల పని. టీ చల్లారేలోపు అయిపోతుంది. ఆ నాలుగు క్లిక్కులకి ఒళ్లు బరువై, బంగారంలాంటి మెషిన్ని చెత్త చేశారు! మా అక్క చీటీ ముందే పాడుకుని, అంత నష్టానికి తెచ్చిన డబ్బు అది. పైగా వీళ్లే ఏటా జూన్ 5న మొక్క నాటి ఫొటో దిగుతారు. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వేస్ట్ నిబంధనల్లో పాతవి బాగుచేసి అమ్మేవాళ్లకీ రిజిస్ట్రేషన్ పెట్టారు. బాగుచేసేవాడికి కాగితాలు కావాలి. తాళంచెవి జేబులో వేసుకుని ఇల్లమ్మిన దొరగారిని మాత్రం అడిగే దిక్కు లేదు. సిగ్గుండాలి.

బిల్లూ, సీరియల్ నంబరూ జతచేసి కంపెనీ ఐటీ విభాగానికి మెయిల్ పెట్టాను. మర్యాదగానే జవాబొచ్చింది. టికెట్ పెట్టుకోవాలట, అందుకు ముందుగా ఉద్యోగి నంబరుతో లాగిన్ అవ్వాలట.

ఆ మాట ఇంట్లో చెప్పాను. నంబరు ఇవ్వడానికి ఇంత ఆలస్యమేంట్రా, ఒకటో తారీఖు దగ్గర పడుతోంది కదా అని పెద్దావిడ నన్నే కేకలేస్తున్నారు.