టైటానిక్ మీద మా అల్లుని ఇంటర్న్‌షిప్

మా అక్క కొడుకు మొన్న వాట్సాప్‌ల స్టేటస్ పెట్టిండు. నీలం రంగు కాయితం, అంచుకు బంగారు తీగెలు, కింద ముగ్గురి సంతకాలు, మూలకు క్యూఆర్ కోడ్, నడుమ పిలగాని పేరు. నేను లగ్గం పత్రికనే అనుకున్న, ముహూర్తం ఎప్పుడో చూద్దామని జూమ్ చేసిన. చూస్తే "డేటా సైన్స్ ఇంటర్న్" అట, అంటే కంప్యూటర్‌ల లెక్కల కుప్ప పోసి అంచనాలు తీసే పని నేర్చుకునేటోడట, ఆరు వారాల పారిశ్రామిక అనుభవం విజయవంతంగ పూర్తి చేసిండట.

పిలగాడు చదివేది మెకానికల్. ఉండేది కాజీపేటల, రూమ్ తీసుకొని. కిటికీ తీస్తే రైలింజన్ల కూత. డీజిల్ లోకో షెడ్డు ఉన్నది, ఎలక్ట్రిక్ లోకో షెడ్డు ఉన్నది, అయోధ్యపురం కాడ వ్యాగన్ల ఫ్యాక్టరీకి 2023 జులైల ప్రధానమంత్రే వచ్చి శంకుస్థాపన చేసిపోయిండు. ఇంత ఇనుము చుట్టూ పెట్టుకొని మెకానికల్ పిలగాడు ఎండాకాలమంత ఏం చేసిండయ్యా అంటే, టైటానిక్ ఓడల ఎవడు బతికిండో ఎవడు సచ్చిండో లెక్క తీసిండు.

నవ్వకున్రి. డేటా సైన్స్ నేర్చుకునే ప్రతి పిలగాడు ఈ ఓడ ఎక్కాల్సిందేనట, మొదటి పాఠం అదేనట. నాకు తెల్వక అడిగిన. "అల్లుడా, గా ఓడ 1912ల మునిగింది గదరా, పదిహేను వందల మంది సచ్చిన్రు, ఆ లెక్క అప్పుడే తేలె, కొత్తగ నువ్వు కనిపెట్టింది ఏంది?"

"అది ప్రెడిక్షన్ మామా. ఎవరు బతుకుతరో మోడల్, అంటే కంప్యూటర్ ప్రోగ్రాం, అంచనా కట్టి చెప్తది."

"మరి చెప్పిందా?"

"78 శాతం కరెక్ట్ చెప్పింది."

"మిగిలిన 22 శాతం?"

"ఏమో మామా, కోడ్ సార్ వాళ్ళే పంపిన్రు."

అంటే నూటికి ఇరవై రెండు మందిని మా అల్లుడు ఉత్తగనే సంపిండో, సచ్చినోళ్ళను లేపి ఇంటికి పంపిండో, ఆ సంగతి ఎవ్వలకు తెల్వది. సర్టిఫికెట్ అయితే వచ్చింది.

ఇంక నాకు నిద్ర పట్టలె, కంపెనీ ఏందో చూసి రావాలె అని హన్మకొండ పోయిన. నయీంనగర్ దిక్కు ఒక బిల్డింగు. కింద కర్రీ పాయింట్, దాని మీద జిరాక్స్ సెంటర్, దాని మీద పరిశ్రమ. మెట్లు ఎక్కుతుంటేనే గోంగూర పప్పు వాసన, పారిశ్రామిక అనుభవం అంటే గిదే కావచ్చు అనుకున్న. లోపల నాలుగు కంప్యూటర్లు, ఒకటి సీసీ కెమెరాకు, ఒకటి చెడిపోయింది. నలభై కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేర్చి మూలకు పెట్టిన్రు, ఎవ్వరు రారు గదా మరి. ఒక చెల్లె కూసున్నది. "మీరు హెచ్ఆరా అమ్మా?" అంటే "నేను కూడా ఇంటర్నే సార్, హెచ్ఆర్ ఇంటర్న్" అన్నది. మెంటర్ ఎవరంటే పోయిన బ్యాచ్ ఇంటర్నట. సీఈఓ సార్ హైదరాబాద్‌ల ఉంటడట. హైదరాబాద్‌ల యాడ అంటే అమీర్‌పేటట.

రేట్ల కార్డు ఇచ్చింది. నాలుగు వారాలది 1,999. ఆరు వారాలది 3,499. రికమండేషన్ లెటర్ కూడా కావాలంటే 4,499, మావోడు తీసుకున్నది గిదే. అయిదు వందలు ఎక్కువ పెడితే "బెస్ట్ పర్ఫార్మర్" అని ఇంకోటి. "బ్యాచ్‌కు ఎంత మంది బెస్ట్ పర్ఫార్మర్లు ఉంటరమ్మా?" అంటే "ఎంత మంది కడితే అంత మంది సార్" అని నవ్వకుండనే చెప్పింది. ఆరు వారాలు అన్నరు గదా, పిలగాడు ఆరు వారాలు రావాల్నా అని అడిగిన. "అక్కర్లేదు సార్, ఇయ్యాల కడితే డేట్ ఆరు వారాల ఎనకకెల్లి ఏస్తం."

కాలాన్ని ఎనకకు తిప్పే పరిశ్రమ మా వరంగల్‌ల ఉన్నది, ఎవ్వరికీ తెల్వది.

కిందికి దిగితే కర్రీ పాయింట్‌ల పదిహేడు పద్దెనిమిదేండ్ల పిలగాడు ఒకడు, పగటీలి పన్నెండున్నర రష్, ఒక చేత్తోని సాంబార్ ప్యాకెట్ కడుతున్నడు, రెండో చేత్తోని చిల్లర ఇస్తున్నడు, ఫోన్‌పే మోగిందా లేదా చెవితోనే పట్టుకుంటున్నడు, ఒక అంకుల్ లొల్లి పెడితే ఇంకొంచెం పచ్చడి ఏసి సప్పుడు బందు చేసిండు. ఆ బిల్డింగు మొత్తంల పని నేర్చుకుంటున్నోడు వాడొక్కడే. వానికి సర్టిఫికెట్ లేదు. దినాం పొద్దుమూకంగ పైసలు మాత్రం ఇస్తరు.

ఢిల్లీల ఎవరో మంచి మనసుతోనే రాసిన్రు. ఇంజినీరింగ్ కాలేజీలను చూసుకునే ఏఐసీటీఈ అనే సంస్థ ఇంటర్న్‌షిప్ పాలసీ ప్రకారం ఇంజినీరింగ్ పిలగాడు నాలుగేండ్లల 600 నుంచి 700 గంటలు ఇంటర్న్‌షిప్ లాంటి పనులు చెయ్యాలె. ఆ గంటలు ఢిల్లీ నుంచి బయలెల్లి కాజీపేట జంక్షన్ల దిగే సరికి క్యూఆర్ కోడ్ అయినయి. కాలేజీకి ఫోన్ చేస్తే కో-ఆర్డినేటర్ సార్ మస్తు మర్యాదగ మాట్లాడిండు. "సార్, స్కాన్ అవుతుందా లేదా అన్నదే మేము చూస్తం. కాలేజీకి గ్రేడు ఇచ్చే న్యాక్ వాళ్ళు వస్తే ఫైల్ల ఉండాలె గదా." అయితదా అంటే అయితది. స్కాన్ చేస్తే మళ్ళ అదే సర్టిఫికెట్ కనవడుతది.

ఇంకో ముచ్చట. ఐటీఐ చదివిన పిలగాడు సింగరేణిల అప్రెంటిస్‌గ పోతే వానికి నెలనెల స్టైపెండ్ ఇయ్యాలె, 1961 నాటి చట్టమే ఉన్నది. 2024ల పీఎం ఇంటర్న్‌షిప్ స్కీము వచ్చినప్పుడు నెలకు 5,000 ఇస్తమన్నరు, కాకపోతే రెగ్యులర్‌గ కాలేజీల చదువుతున్నోళ్ళకు వర్తించదన్నరు. అంటే చదువు అయినంక పని నేర్చుకుంటే ఎదురు పైసలు వస్తయి, చదువుతుండంగ నేర్చుకుంటే మనమే 4,499 కట్టాలె. గీ లెక్క ఏ మోడల్ ప్రెడిక్ట్ చేసిందో.

ఆ 4,499 యాడికెల్లి వచ్చినయో చెప్తా ఇనున్రి. మా బావకు నర్సంపేట దిక్కు ఎకరంన్నర మిర్చి. ఎనుమాముల మార్కెట్‌కు తెస్తే కాయ తడి ఉన్నదని ఒకడు, రంగు తక్కువున్నదని ఒకడు, రేటు కోసి పంపిన్రు. సొంత చేను అయిపోయినంక మా అక్క మందోళ్ళ చేనుకు మిరపకాయ ఏరను కైకిలి పోయింది, చేతులు మండుతయని రాత్రి పూట పెరుగు రాసుకొని పండుకుంటది. ఆ చేతులతోని లెక్కవెట్టి ఇచ్చిన నోట్లు తీసుకొని, గోంగూర పప్పు వాసనొచ్చే రూముల కూసొని, రాని ఓడల సచ్చినోళ్ళ లెక్క చేతుల పెట్టి పంపుతరా? సిగ్గు శరం ఉన్నదా ఎవ్వలకన్న? మా దిక్కు దొరల కాలంల వెట్టి ఉండేది, దానికి ఎదురు తిరిగితేనే గదా 1946ల కడవెండిల దొడ్డి కొమురయ్య తూటాకు పడిపోయింది. ఆ దొరలు పని చేయించుకొని కూలి ఇయ్యలె, నిజమే. గని వెట్టికొచ్చినోని దగ్గర రిజిస్ట్రేషన్ ఫీజు అడిగిన దొరను నేనైతే ఇనలె. కంపెనీ వానికంటె నాకు కాలేజీ మీదనే ఎక్కువ మండుతున్నది, వాడు దుకాణం పెట్టిండు, అమ్ముకుంటడు, వీళ్ళు సార్లు గదా, పాఠం చెప్పెటోళ్ళు, ఆ కాయితం ఉత్తదని తెలిసి తెలిసి రెండు క్రెడిట్లు ఏసి సంతకం పెడుతరు.

అక్క ఫోన్ చేసి అడిగింది, "తమ్మీ, పిలగాడు మంచిగనే నేర్చుకున్నడా, ఓడల పనట గదా, విశాఖపట్నంల ఏమన్న దొరుకుతదా?" అని. ఏం చెప్పాలె? దొరుకుతది అక్కా అన్న.

నిన్న రాత్రి అల్లుడు మళ్ళ మెసేజ్ పెట్టిండు. కంపెనీ వాళ్ళు వీని పర్ఫార్మెన్స్ చూసి క్యాంపస్ అంబాసిడర్ పోస్టు ఇచ్చిన్రట. పది మంది జూనియర్లను చేర్పిస్తే నెక్స్ట్ సర్టిఫికెట్ ఫ్రీ అట, అది ఏఐ మీదనట. "మామా, నీ దోస్తుల పిల్లలు ఎవరన్న ఉంటే చెప్పు" అని లింకు పంపిండు. ఆఫర్ ఆదివారం రాత్రి 12 గంటల దాకనేనట.