పెద్దల సభలో మన రాష్ట్రం ఎక్కడ?

రాజ్యసభ ఎన్నికలు వచ్చినప్పుడల్లా మన దగ్గర ఒకటే చర్చ. ఏ సామాజిక వర్గానికి ఎన్ని సీట్లు, హైకమాండ్ మనసులో ఎవరున్నారు అని. రాష్ట్రం తరఫున అక్కడ నోరు విప్పేదెవరన్నది ఎవరికీ గుర్తురాదు. మన సమాఖ్య పార్లమెంటరీ వ్యవస్థకు అసలు జబ్బు అక్కడే ఉంది. గవర్నర్ల గొడవలు, నిధుల పేచీలు పైకి కనిపించే జ్వరాలే.

పాఠం అందరికీ తెలిసిందే. ప్రభుత్వం లోక్‌సభకు జవాబుదారీ, కేంద్రం, రాష్ట్రాల మధ్య అధికారాలు రాజ్యాంగం ఏడో షెడ్యూలు ప్రకారం పంపకం. 80 మంది ఎంపీలున్న ఉత్తరప్రదేశ్ ముందు 25 మందితో ఆంధ్రప్రదేశ్, 17 మందితో తెలంగాణ గొంతు చిన్నదే కాబట్టి రాష్ట్రాల పేరు మీద ఇంకో సభ పెట్టారు. అక్కడా సీట్లు జనాభాను బట్టే: వాళ్లకు 31, మనకు 11, 7. అమెరికా సెనేట్‌లోలాగా రాష్ట్రానికి ఇద్దరు అనే సమానత్వం మొదటి నుంచీ లేదు.

ఉన్న కాస్త బలాన్నీ 2003లో తీసేశారు. రాజ్యసభకు పోటీ చేసేవాళ్లు ఆ రాష్ట్రంలో ఓటరై ఉండాలన్న నిబంధన పోయింది. 2006లో సుప్రీంకోర్టు కూడా సరే అంది. అంతకుముందు కనీసం ఓ అద్దె ఇంటి అడ్రసైనా చూపించాల్సి వచ్చేది! ఆ తర్వాత ఆంధ్రప్రదేశ్ నుంచి సురేశ్ ప్రభు, పరిమళ్ నత్వానీ వెళ్లారు. తెలంగాణ నుంచి అభిషేక్ మను సింఘ్వీ వెళ్లారు. వాళ్ల సమర్థతకు వంక పెట్టడం లేదు. కానీ కృష్ణా జలాల పేచీ వస్తే వాళ్లు ముందు ఎవరి ముఖం చూస్తారు? సీటిచ్చిన పార్టీ ముఖమే కదా.

సొంతూరి మనిషైనా పెద్ద తేడా లేదు, ఎందుకంటే విప్ ఉంది. విప్ అంటే కొరడా, పార్టీ చెప్పినట్టే ఓటేయాలన్న ఆదేశం. 1985లో వచ్చిన ఫిరాయింపుల చట్టం ప్రకారం పార్టీ మాట కాదని ఓటేస్తే పదవే పోవచ్చు. ఈ చట్టం లేకపోతే మళ్లీ పూటకో పార్టీ మారే ఆయారాం గయారాంల రాజ్యం వస్తుందంటారు. ఇప్పుడు మాత్రం రాలేదా? ఒక్కరు దూకితే ఫిరాయింపు, మూడింట రెండొంతులు దూకితే విలీనం. 2019 జూన్‌లో తెలంగాణలో 18 మంది కాంగ్రెస్ ఎమ్మెల్యేల్లో 12 మంది, అదే నెల రాజ్యసభలో ఆరుగురు టీడీపీ ఎంపీల్లో నలుగురు అలాగే గట్టు దాటారు.

అసలు విప్ ఎందుకు? ప్రభుత్వం పడిపోకుండా. మరి రాజ్యసభ ఓటుతో ఏ ప్రభుత్వమూ పడిపోదు, అవిశ్వాస తీర్మానం లోక్‌సభ సొత్తు. పడిపోయే భయమే లేని చోట కొరడా ఎందుకు? విప్‌ను విశ్వాస పరీక్ష లాంటి వాటికే పరిమితం చేయాలని ఎన్నికల సంస్కరణలపై వేసిన దినేశ్ గోస్వామి కమిటీ 1990లోనే చెప్పింది. బ్రిటన్‌లో 2019 సెప్టెంబరులో 21 మంది అధికార పక్ష ఎంపీలు సొంత ప్రధానికే ఎదురు ఓటేశారు. పార్టీ వెలివేసింది, సీట్లు మాత్రం పోలేదు.

రాష్ట్ర విభజన తప్పా ఒప్పా అన్నది పక్కన పెట్టండి. 2014 ఫిబ్రవరి 20న రాజ్యసభలో ప్రధాని నోటి వెంట వచ్చిన ప్రత్యేక హోదా హామీ చట్టంలోకి ఎక్కలేదు. విప్ భయం లేని సభే అయితే, ‘ముందు బిల్లులో రాయండి, ఓటు తర్వాత’ అని అడిగే నలుగురైనా ఉండేవారు.

ఢిల్లీని అడగడం బాగానే ఉంది. మరి మన రాజధానులు పల్లెలకు ఏం ఇచ్చాయి? రాజ్యాంగ 73వ సవరణ 29 అంశాలు పంచాయతీలకు అప్పగించవచ్చంటే, సర్పంచి చేతికి వీధి దీపాలు, మురుగు కాలవలే మిగిలాయి. తెలంగాణలో 2024 ఫిబ్రవరిలో పాలకవర్గాల గడువు తీరితే ఎన్నికలు 2025 డిసెంబరులో జరిగాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2018 ఆగస్టులో తీరితే 2021 ఫిబ్రవరిలో జరిగాయి. కారణాలు ఏవైనా, ఆ మధ్యంతా ప్రత్యేకాధికారుల పాలనే. ఇదే పని కేంద్రం మన అసెంబ్లీకి చేస్తే ఊరుకుంటామా? పైగా ఎన్నికైన పాలకవర్గాలు ఉంటేనే పంచాయతీలకు గ్రాంట్లన్నది ఆర్థిక సంఘం షరతు. అది తెలిసీ ఎన్నికలు జరపని ప్రభుత్వాలే, మా వాటా మాకివ్వండంటూ ఢిల్లీకి వినతిపత్రాలు పట్టుకెళ్తుంటాయి.