డీఏ 48 అట!

బెంగళూరు మారతహళ్ళి రూమ్‌లో కూర్చుని వంటల వెబ్‌సైటొకటి కొందామని నెల రోజులుగా వెతుకుతున్నాను. అమ్మేవాళ్ళెవరిని కదిపినా ఒకటే పాట: ‘అన్నా, డీఏ 48, కళ్ళు మూసుకుని తీసుకో.’ కళ్ళు మూసుకుంటే మునిగేది నేనే కదా!

డీఏ అంటే డొమైన్ అథారిటీ. అసలు అది గూగుల్ ఇచ్చే మార్కు కానే కాదు. వేరే సైట్ల నుంచి వచ్చే లింకులను చూసి మాజ్ అనే కంపెనీ 100కి వేసే అంచనా. పనికిమాలిన లింకులు గంపగుత్తగా కొని తగిలిస్తే అదీ పెరుగుతుంది. లింకులను బట్టి గూగుల్ పేజీలకు వేసే సొంత మార్కు పేజ్‌ర్యాంక్. దాన్ని బయటికి చూపించడం 2016లోనే మానేసింది. అది కనిపించే రోజుల్లో ఇంకో ఘనకార్యం ఉండేది: ఖాళీ డొమైన్‌ను (సైటు పేరును) ఏదో పెద్ద సైటుకి దారి మళ్ళించి, దాని ర్యాంకును తమదిగా చూపించేవాళ్ళు. అరువు నగలతో పెళ్ళిచూపులన్నమాట.

నిన్న రాత్రి నిమ్మకాయ పచ్చడి ఫోటో ఉన్న సైటొకటి నచ్చింది. గూగుల్‌లో ‘సైట్’ అని ఇంగ్లిష్‌లో కొట్టి, కోలన్ పెట్టి, దాని పేరు రాశాను. ఒక్క పేజీ రాలేదు, అంటే గూగుల్ జాబితాలో అది లేనట్టే. సైట్ల పాత కాపీలు దాచే వేబ్యాక్ మెషీన్‌లో దాని పాత రూపం తీస్తే పచ్చడీ లేదు, పోపూ లేదు, పేకాట! దానికొచ్చే లింకులన్నీ జూదం సైట్ల నుంచే.

గూగుల్ సైటు యజమానికి లెక్కలు చూపించే సెర్చ్ కన్సోల్‌ను చూడనివ్వమంటే, అమ్మేవాడు ‘నమ్మకం లేదా అన్నా?’ అంటూ స్క్రీన్‌షాట్ పంపాడు. అందులో అంకె మార్చడానికి నాకే రెండు నిమిషాలు చాలు, అతనికి తెలియదా?

పొద్దున్నే మళ్ళీ మెసేజ్: ‘ఐదు వేలు తగ్గిస్తా, ఫైనల్.’