పేదలారా, కాస్త సహకరించండి

డిసెంబర్ వచ్చేసింది. కర్నూలు క్రైస్తవ సంఘాల్లో పండగకు ముందే జరుపుకునే సెమీ క్రిస్మస్ తేదీలు ఖరారయ్యాయి, ఫ్లెక్సీలు ప్రింటుకు వెళ్లాయి, అరటి గెలలు పెద్దాసుపత్రి దారి పట్టాయి. ఇక చిక్కల్లా ఒకటే, సేవ అందుకునేవాళ్లు. ఇంత మంది ఇంత శ్రద్ధగా చేసే సేవ ఏటా ఎక్కడ చెడుతోందని ఆరా తీస్తే వేలు వాళ్లవైపే చూపిస్తోంది. మొహమాటపడి లాభం లేదు, చెప్పాల్సింది చెప్పేద్దాం.

ముందు అరటిపండు. రోగికొక పండు, ఒక చిన్న బ్రెడ్డు. పండు పట్టుకోవడానికి ఎనిమిది చేతులు, ఎనిమిదింటికీ కలిపి ఒక ఫొటో. ఇందులో పేచీకి చోటెక్కడుంది? అయినా పెడతారు. డయాలసిస్ రోగుల కిడ్నీలు పొటాషియంను బయటికి పంపలేవట, అరటిపండులో అది దండిగా ఉంటుందట, ఒంట్లో పేరుకుంటే గుండె లయ తప్పుతుందట. చక్కెర జబ్బువాళ్లకు మైదా బ్రెడ్డు పడదట. సర్జరీ వార్డు సంగతి మరీ అన్యాయం. ఆపరేషన్‌కు ఆరు గంటల ముందు నుంచి గట్టి తిండేదీ ముట్టకూడదు. మత్తిచ్చాక కడుపులోది పైకి తన్ని ఊపిరితిత్తుల్లోకి దిగితే ప్రాణం మీదికొస్తుంది. ఆ పల్లెటూరి మనిషి మాత్రం పాస్టర్ అయ్యగారు ప్రార్థన చేసి చేతిలో పెట్టారని భక్తిగా తినేస్తాడు. ఆపరేషన్ వాయిదా. కూలి మానుకుని రాయచూరు నుంచో గద్వాల నుంచో తోడొచ్చిన కొడుకు ఇంకో రెండు రాత్రులు వరండాలో పడుకుంటాడు. నర్సమ్మను ఒక్క మాటడిగితే ఏ మంచానికి ఏమివ్వచ్చో చెప్పేస్తుంది, నిజమే. కానీ ఆమె ఫొటోలో ఉండదు. ఫొటోలో లేనివాళ్లను సలహా అడిగే అలవాటు మన కమిటీలకు లేదు.

కుడిచేయి చేసే ధర్మం ఎడమచేతికి తెలియకూడదని ప్రభువు అన్నాడు కదా అని కొందరు ఛాందసులు అడ్డు తగులుతారు. దానికి దారి ఎప్పుడో దొరికింది. ఫోను యూత్ సెక్రటరీ చేతిలో ఉంటుంది కాబట్టి అయ్యగారి ఎడమచేతికి నిజంగానే ఏమీ తెలియదు. తెలిసేది వాట్సాప్ గ్రూపులకు. మత్తయి ఆరో అధ్యాయం ఎన్నిసార్లు తిరగేసినా గ్రూపుల మీద నిషేధం కనపడదు.

దుప్పట్ల విషయంలో పేదల సహాయ నిరాకరణ ఇంకా బాహాటం. మన పంపిణీ పండగ ముందు వారం. కోసిగి, ఆదోని, పత్తికొండ వైపు ఆ సరికి చాలా ఇళ్లకు తాళాలు పడి ఉంటాయి. పత్తి తీయడానికో, మిరప కోతకో మనుషులు గుంటూరు వైపు వెళ్లిపోతారు. అక్కడ చేను గట్టున టార్పాలిన్ పట్టా కింద చలి, ఇక్కడ వేదిక మీద దుప్పటి. ఊళ్లో మిగిలిన అవ్వకు మూడు సంఘాలవాళ్లూ తలా ఒకటి కప్పిపోతారు. ఆమె అడిగింది బీపీ మాత్రలు, కంటి శుక్లాల ఆపరేషన్‌కు తోడు ఒక మనిషి. దుప్పటి పల్చటి పాలిస్టర్‌ది కావడం వల్ల, పొయ్యి పక్కన పడుకునే అలవాటున్న అవ్వకు ఇంకో సౌకర్యం కూడా ఉంది. నిప్పురవ్వ పడితే అది నూలు గుడ్డలా కాలదు, కరిగి ఒంటికి అతుక్కుంటుంది. వలస బయల్దేరక ముందే, అక్టోబర్‌లోనే, నూలువో ఉన్నివో పంచవచ్చు. కానీ అక్టోబర్‌లో స్టార్లు కట్టరు, నేపథ్యం బోసిగా వస్తుంది.

అన్నదానం దగ్గర కొంచెం వివరంగా మాట్లాడాలి. కొన్ని సంఘాల్లో పిడికెడు బియ్యం పద్ధతి ఉంది. ఎసట్లో పోసే ముందు ఇల్లాలు ఒక గుప్పెడు తీసి పక్క డబ్బాలో వేస్తుంది. గుప్పెడంటే సుమారు యాభై గ్రాములు. నెలకు కిలోన్నర. 60 ఇళ్లంటే 90 కిలోలు, మనిషికి 150 గ్రాముల చొప్పున 600 మందికి ఒక పూట. ఎవరి పేరూ లేకుండా ఇంత పోగుపడటం మంచి పద్ధతి కాదు గాని, స్త్రీల సమాజం మన మాట వినదు. అసలు తంటా బస్తా విప్పాక మొదలవుతుంది. కర్నూలు సోనా పాతది, కొత్తది, రేషన్ బియ్యం అన్నీ అందులో కలిసి ఉంటాయి. ఒకే డేగిసాలో వేస్తే కొత్తది ముద్దవుతుంది, పాతది ఇంకా పలుకుంటుంది. డబ్బా ఇచ్చేటప్పుడే ఏ రకమో అడిగి వేర్వేరు సంచుల్లో పోసుకోవాలి. అప్పటికే కలిసిపోయి ఉంటే తెల్లన్నం ఆశ వదులుకుని పెసరపప్పు వేసి పొంగలి వండాలి, అందులో ముద్దయినా ఎవరూ పట్టించుకోరు. ఇక పొట్లాలు. పొగలు కక్కే అన్నం కవర్లో బిగించి, ముగ్గురి ప్రసంగాలయ్యాక, పదకొండుకు కట్టింది మధ్యాహ్నం మూడుకు పంచుతాం. వండింది బయట రెండు గంటలు దాటి ఉండకూడదంటారు, మన ఎండల్లో అంత కూడా ఆగదు. కవర్లో ఊరిన ఆవిరికి సాంబారన్నం జిగురుపడుతుంది. తిన్నవాడికి రాత్రి విరేచనాలు పట్టుకుంటే అది అతని ఆకలి తొందర ఫలితం. ప్రసంగాలు తగ్గించాలనే వాదన ఎవరూ తేవద్దు.

రక్తదానానికి మనం ఎంచుకున్న రోజు గుడ్ ఫ్రైడే. భావం గొప్పది. నలభై రోజుల ఉపవాసం చివరి దినం, సిలువ మీద ప్రభువు పలికిన ఏడు మాటల మీద మూడు గంటలపాటు ఆరాధన, ఆపైన ఖాళీ కడుపుతో బల్లెక్కి 350 మిల్లీలీటర్లు ఇవ్వడం. మూడోవాడు కళ్లు తిరిగి పడిపోగానే సాక్ష్యం చెప్పుకోవడానికి సంగతి దొరుకుతుంది. దాత ఏదైనా తిని రావాలి, బరువు 45 కిలోలకు తగ్గకూడదు, హిమోగ్లోబిన్ 12.5 ఉండాలి. ఇవి బ్లడ్ బ్యాంకువాళ్ల నియమాలు, విశ్వాసం లేనివాళ్ల లెక్కలు. ఇంతకీ ఒకే రోజు 80 మంది ఇస్తే ఎర్రకణాలు 35 రోజులో 42 రోజులో నిలవుంటాయి, ప్లేట్‌లెట్లు ఐదు రోజులే. మే నెల ఎండల్లో రక్తం దొరక్క జనం తిరిగేటప్పటికి మన దాతలు మళ్లీ ఇవ్వడానికి ఆగాల్సిన గడువు, మగవాళ్లకు మూడు నెలలు, ఆడవాళ్లకు నాలుగు నెలలు, నిండదు. ఒంట్లో రక్తం సరిగా తయారుకాని తలసీమియా జబ్బు పిల్లలకు మూడు నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. ఆ పిల్లలు ఏడాదికొకసారి, గుడ్ ఫ్రైడే నాడు మాత్రమే ఎక్కించుకునేలా తల్లిదండ్రులు అలవాటు చేయాలి. నెలకు ఏడుగురిని వంతులవారీగా పంపితే ఏడాది పొడవునా సరిపోతుందని ఒక పెద్దమనిషి అన్నాడు. ఏడుగురికి షామియానా వేస్తారా అని అడిగితే కూర్చున్నాడు.

దొంగలు కొట్టి పడేసిన మనిషిని ఇద్దరు చూసి దాటిపోతే మూడోవాడు ఆదుకున్న మంచి సమరయుడి ఉపమానం ప్రతి సేవా కార్యక్రమంలో చదువుతాం గాని, అందులోని లోపాలను ఎవరూ ఎత్తిచూపరు. నూనె, ద్రాక్షారసం పోసి గాయాలు కట్టడం వరకు సరే. తన వాహనం మీద ఎక్కించుకుని తాను నడిచాడు, అది హోదాకు తగదు. పూటకూళ్లవాడికి రెండు దేనారాలు, అంటే రెండు రోజుల కూలి, ఇచ్చి ఇంకేమైనా ఖర్చయితే తిరిగొచ్చేటప్పుడు ఇస్తానన్నాడు. ఇదే ప్రమాదకరమైన మాట. తిరిగి రావడం మొదలుపెడితే దేనికైనా అంతుంటుందా? పైగా దెబ్బలు తిన్నవాడిది ఏ సంఘమో అడగలేదు, తన పేరూ చెప్పలేదు. అందుకే ఆ ముగ్గురిలో ఫొటోలు దిగడానికి పనికొచ్చేవాళ్లు ముందు దాటిపోయిన ఇద్దరే.

క్లౌ దొర చేసిన పని ఇంకా వింత. 1876-78 నాటి ధాత కరువు మన సీమను ఊడ్చేసిన రోజుల్లో, అటు ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టుకు తీసుకున్నాడు. ఆకలితో వచ్చినవాళ్లకు కూలి ఇచ్చి పని పెట్టాడు. అంతవరకు బాగానే ఉంది. ఆ కరువు రోజుల్లో మాత్రం, అడిగినా బాప్తిస్మాలు ఇవ్వకుండా ఆపేశాడు. గంజి కోసం వచ్చాడా, దేవుడి కోసం వచ్చాడా అన్నది కడుపు నిండాక తేలాలని ఆయన లెక్క. కరువు సాయం ముగిశాక, 1878 జూలై 3న ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆయన పద్ధతే వేరు. మన పద్ధతిలో కిట్టు చేతికందే ముందు ఆరాధన హాజరు పట్టీలో సంతకం ఉండాలి, లేనివాళ్లు వరస చివరికి వెళ్లాలి.

వచ్చే ఏడాది ప్రణాళిక కోసం కూర్చున్న కమిటీ ముందు రెండు అంశాలున్నాయి. ఫ్లెక్సీ పది అడుగులా, పన్నెండు అడుగులా అన్నది మొదటిది. ఎవరి ముఖం ఏ సైజులో ఉండాలో సహా రెండు గంటల చర్చలో తేలిపోయింది. పెద్దాసుపత్రిలో తోడెవరూ లేని రోగుల దగ్గర రాత్రిపూట వంతులవారీగా ఉండటం రెండోది. రక్తం శాంపిళ్లు ల్యాబుకు చేర్చాలి, ఎక్స్‌రేకు బండి తోసుకెళ్లాలి, కదల్లేనివాళ్లను రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి, లేకపోతే నడుము కింద, మడమల దగ్గర పుండ్లు పడతాయి. రాత్రి రెండింటికి రోగిని తిప్పేటప్పుడు ముందు వరసలో ఎవరు నిలబడాలన్నది తెగక ఆ అంశం వాయిదా పడింది.