చిరంజీవి ఆధార్ జిరాక్స్ కాగితానికి

చిరంజీవి జిరాక్స్ కాగితాన్ని ఆశీర్వదించి వ్రాయునది.

చిరంజీవి అన్నది మర్యాద కోసం రాయలేదు. నీకు నిజంగానే చావు లేదు. మా తాతగారి దస్తావేజులను చెదలు తిన్నాయి. నా పెళ్లి ఫోటోలు 1996 నవంబరు తుపానులో తడిసి ముద్దయిపోయాయి. నీ మీద నా ముఖం కాస్త నల్లబడిందేమో గానీ, పన్నెండు అంకెల్లో ఒక్కటి కూడా చెరగలేదు. ఉభయకుశలోపరి అని తరువాతి మాట రాద్దామంటే, నా కుశలం నీకు పూర్తిగా తెలుసు, నీ కుశలమే నాకు తెలియదు. ఏ ఊళ్లో, ఎవరి బీరువాలో, ఎన్ని కాపీలుగా ఉన్నావు నాయనా?

గుర్తున్నంత వరకు లెక్క వేశాను. సిమ్ కార్డుకు ఒకటి, గ్యాసుకు ఒకటి, పంట రుణానికి మూడు (మొదటి రెండూ కనిపించడం లేదన్నారు), యాత్రకు వెళ్లినప్పుడు సత్రంలో గదికి ఒకటి, మేనకోడలి పెళ్లికి కల్యాణ మండపం వాళ్లకు ఒకటి, పాత ఫోను కొనుక్కున్న కుర్రాడికి ఒకటి. దింపు రోజున చెట్ల కింద నిలబడి కొబ్బరికాయలను కాయ కాయా లెక్కపెట్టుకునే మనిషిని నేను. నిన్ను మాత్రం అడిగిన వాడికల్లా ఇచ్చాను. ఇచ్చిన ప్రతిసారీ కింద సంతకం కూడా పెట్టాను, దొంగకు శ్రమ తగ్గాలని.

అసలు ఈ ఉత్తరానికి కారణం మిరపకాయ బజ్జీ. మొన్న అమలాపురంలో బస్సు కోసం ఎదురుచూస్తూ బండి దగ్గర నాలుగు బజ్జీలు కట్టించుకున్నాను. తినడం అయ్యాక పొట్లం విప్పి చూస్తే నువ్వే! నా కాపీ కాదు, నీ జాతి వాడు. నూనెకు కాగితం పారదర్శకమై అందులోంచి ఒక ముఖం నా వైపు చూస్తోంది. పారదర్శక పాలన అంటే ఇదేనేమో అనుకున్నాను. ఆ ముఖం నాకు తెలిసినదే. మా కాలువ గట్టు మీద ఉండే అమ్మాయి. ఒకప్పుడు నా దగ్గర ఐదో తరగతి చదివింది, ఇప్పుడు ఇద్దరు మనవలకు అమ్మమ్మ. పుట్టిన తేదీ జూలై 1. ఆ తేదీ వేసింది నేనే. బడిలో చేర్చడానికి వచ్చిన వాళ్ల నాన్నకు పిల్ల ఎప్పుడు పుట్టిందో గుర్తులేదు, వరి నాట్ల రోజులని మాత్రం చెప్పాడు. సరే అని జూలై ఒకటి రాసేశాను. ఆ రోజు నేను సిరాతో వేసిన ఆ ఉజ్జాయింపు నేడు దేశంలోని కంప్యూటర్లన్నిటిలో పరమ సత్యమై కూర్చుంది. బజ్జీ మింగుడు పడలేదు.

నువ్వు పుట్టే చోటు గురించి కూడా చెప్పాలి. మా ఊరి జిరాక్స్ దుకాణంలో ఇప్పుడు కార్డు చేతికి ఇవ్వనక్కరలేదు. "వాట్సాప్‌లో పెట్టేయండి మాస్టారూ" అంటాడు కుర్రాడు. అందరూ పెట్టేస్తారు. ఆధార్, పాన్, బ్యాంకు పుస్తకం మొదటి పేజీ, ఆడపిల్లల ఫోటోలు, అన్నీ అతని ఫోనులోనే. మండలంలో సగం మంది అందులో ఉన్నారు. ఆ ఫోను బల్ల మీద చార్జింగులో ఉంటుంది, అతను ఎదుటి కొట్టులో టీ తాగుతుంటాడు. కుర్రాడు మంచివాడే. కానీ మన భద్రత అంతా ఒక కుర్రాడి మంచితనం మీద, అతని చార్జరు వైరు పొడవు మీద ఆధారపడి ఉంది.

చివరి నాలుగు అంకెలు తప్ప మిగతావి కనబడకుండా చేసిన ఆధార్ కూడా ఉందని తెలిసి, ఒకసారి అదే తీసుకుని ఒక కార్యాలయానికి వెళ్లాను. గుమాస్తా అటూ ఇటూ తిప్పి చూసి, "మిషన్ పాడైనట్టుంది మాస్టారూ, అంకెలు పడలేదు. మంచి కాపీ తెచ్చుకోండి" అన్నాడు. తెచ్చాను.

హెచ్చరించేవాళ్లు లేక కాదు. 2022 మే 27న ఆధార్ సంస్థ వారి బెంగళూరు కార్యాలయమే చెప్పింది: కనబడిన వాళ్లందరికీ జిరాక్సులు ఇవ్వకండి, హోటళ్లకు, సినిమా హాళ్లకు వాటిని తీసుకునే హక్కు లేదు అని. 29వ తేదీన ఢిల్లీ దాన్ని వెనక్కి తీసుకుంది, జనం తప్పుగా అర్థం చేసుకునే ప్రమాదం ఉందట. మా కోనసీమ జనానికి ఆ ప్రమాదం లేకుండానే పోయింది. ఆ నెల 24న అమలాపురంలో అల్లర్లు జరిగి, రోజుల తరబడి మాకు ఇంటర్నెట్ ఆపేశారు. హెచ్చరికా అందలేదు, దాని రద్దూ అందలేదు. ఇంత సమదృష్టి మరెక్కడా చూడలేదు.

ఇక నీ అన్నగారు వేలిముద్ర. మా వీధిలో కొబ్బరికాయల వలుపు పని చేసే అతనికి పీచుతో రేఖలన్నీ అరిగిపోయాయి. రేషను మిషన్ మీద వేలు పెడితే నాలుగుసార్లు కాదంటుంది, తుడుచుకుని ఐదోసారి పెడితే ఆలోచిస్తుంది. అదే కాలంలో, స్థలాల రిజిస్ట్రేషను కాగితాల మీది ముద్రలను రబ్బరులో పోతపోసి బ్యాంకుల్లో జనం సొమ్ము తీసుకున్న ముఠాలను పోలీసులు పట్టుకున్నారు. బతికున్న వేలు చెల్లలేదు, రబ్బరు వేలు చెల్లింది.

"నా దగ్గర దాచుకోవడానికి ఏముందిలే" అని మా వీధి అరుగుల మీద అంటుంటారు. అన్నవాళ్లందరి పెరట్లోనూ స్నానానికి తడికలు కట్టి ఉన్నాయి. అక్కడ ఏ దొంగసొమ్మూ లేదు మరి!

ప్రభుత్వానికి నా పేరే తెలియకూడదని నేను అనను. తుపాను వెళ్లిన మరునాడు ఏ ఇంట్లో ఎందరు ఉండాలో, ఎందరు మిగిలారో తేల్చడానికి జాబితా కావాలి. 1996లో ఆ లెక్క ఎంత అవసరమో కళ్లారా చూశాను. నా గొడవ వేరు. గోదావరి మీద కూడా ప్రభుత్వం నిఘా పెట్టింది కదా. ధవళేశ్వరంలో నీటిమట్టం 11.75 అడుగులకు వస్తే మొదటి హెచ్చరిక, 13.75కు రెండవది, 17.75కు మూడవది. ఆ అంకె కలెక్టరుకు ఎంత తెలుసో ఏటి మధ్య లంకలో గేదెలు కాసుకునే పిల్లవాడికీ అంతే తెలుసు. అంత నదికి అంత గౌరవం. మరి నా ఫోను ఎవరైనా వింటుంటే? హోం కార్యదర్శి సంతకం ఉండాలట, తరువాత సమీక్షా సంఘం చూడాలట. 1996లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు వల్ల వచ్చిన కట్టుబాట్లు ఇవి. సంతకం చేసేది అధికారి, సమీక్షించేదీ అధికారులే, జడ్జి ఎవరూ ఉండరు. విన్నట్లు నాకు చెప్పరు. అక్రమంగా తూము ఎత్తిన కాలువ కాపలా లస్కరు మీద విచారణకు మరో లస్కరును వేసినట్లుంది.

2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు న్యాయమూర్తులు తొమ్మిది మంది ఒక్క మాటగా గోప్యత ప్రాథమిక హక్కు అన్నారు. మరుసటి ఏడు సెప్టెంబరులో, సిమ్‌కు, బ్యాంకు ఖాతాకు ఆధార్ తప్పనిసరి చేయడం కుదరదని అదే కోర్టు అంది. 2023 ఆగస్టులో డేటా రక్షణ చట్టం వచ్చింది. దాని నియమాలు వచ్చేసరికి 2025 నవంబరు. మధ్యలో మాకు మూడు సార్వా పంటలు, రెండు దాళ్వా పంటలు గడిచాయి. తప్పు చేస్తే 250 కోట్ల రూపాయల వరకు జరిమానా. చదువుతుంటే కడుపు నిండింది. తీరా చూస్తే, కేంద్రం తనకు కావలసిన ప్రభుత్వ సంస్థలను భద్రత పేరుతో ఆ చట్టం నుంచి మినహాయించుకోవచ్చు. తడిక కట్టించారు, తలుపు మాత్రం తమ వైపు నుంచి తీసుకునేలా పెట్టుకున్నారు.

సరే, బజ్జీ పొట్లం సంగతి. ఆ కాగితాన్ని చింపడానికి మనసు రాలేదు, కాల్చడానికీ రాలేదు. ఇంకొకరి ముఖం కదా. మడిచి జేబులో పెట్టుకుని, నూనె మరకతో చొక్కా పాడుచేసుకుని, కాలువ గట్టుకు వెళ్లి ఆ అమ్మాయి చేతిలో పెట్టాను. జరిగింది చెప్పాను. ఆమె పగలబడి నవ్వింది.

"ఉంచండి మాస్టారూ, ఇంట్లో ఇంకా పది ఉన్నాయి. అన్నట్టు మీరు వేళకు వచ్చారు. మా పొదుపు సంఘం అప్పుకు సాక్షి కావాలట. మీది ఒకటి ఉంటే ఇస్తారా?"

ఇచ్చాను. కింద సంతకం కూడా పెట్టాను.

ఇట్లు,
నీ అసలు ప్రతి