రీళ్ళు పోయాయి, మనుషులున్నారు

తెలుగులో తొలి టాకీ ‘భక్త ప్రహ్లాద’ 1931 సెప్టెంబరు 15న విడుదలైందని దశాబ్దాల పాటు రాసుకున్నాం. పాత పత్రికల ప్రకటనలు, సెన్సార్ వివరాలు తవ్వి తీసి, అది 1932 ఫిబ్రవరి 6న బొంబాయిలో విడుదలైందని పాత్రికేయుడు రెంటాల జయదేవ చూపించేదాకా ఆ తప్పు మనకు తట్టనేలేదు. పోనీ సినిమానే చూద్దామంటే ఒక్క ప్రింటూ మిగల్లేదు. దర్శకుడు హెచ్.ఎం.రెడ్డి, లీలావతి వేషం కట్టిన సురభి కమలాబాయి మనకు పేర్లుగానే మిగిలారు. అంతకుముందు రఘుపతి వెంకయ్య, ఆయన కొడుకు ప్రకాశ్ తీసిన మూకీ ‘భీష్మ ప్రతిజ్ఞ’దీ అదే గతి.

శివేంద్రసింగ్ దుంగార్పుర్ 2012లో తీసిన ‘సెల్యులాయిడ్ మ్యాన్’ డాక్యుమెంటరీ చూస్తే ఈ నష్టం ఎంతటిదో తెలుస్తుంది. 1964లో పుట్టిన పుణే జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్‌ను తన బిడ్డలా పెంచిన పి.కె.నాయర్ కథ అది. మన తొలితరం దర్శకుడు దాదాసాహెబ్ ఫాల్కే సినిమాల్లో మిగిలిన ముక్కల్ని వెతికి తెచ్చి వరుస కూర్చినవాడాయన. ఫిల్ము మీదున్న వెండి కోసం ఎన్నో పాత రీళ్ళను కడిగేశారు. తుప్పు పట్టిన డబ్బా మూత తీస్తే పుల్లటి ఘాటు ముక్కుకు కొడుతుంది. లోపల చుట్టలు ఒకదానికొకటి అతుక్కుని గట్టి బిళ్ళలా ఉంటాయి. విప్పబోతే పెళుసుగా విరిగిపోతాయి. జాగ్రత్త చేసినవాటికీ భరోసా లేదు. 2003 జనవరిలో పుణేలో గిడ్డంగి అంటుకుని ఇట్టే మండే పాతకాలపు నైట్రేట్ రీళ్ళెన్నో బూడిదయ్యాయి.

పోయినవి రీళ్ళే అయితే ఇంత బాధ ఉండేది కాదు. మలయాళంలో తొలి కథానాయిక పి.కె.రోసీ దళిత స్త్రీ. ‘విగతకుమారన్’ మూకీలో అగ్రకులమైన నాయర్ యువతిగా నటించినందుకు పెత్తందారీ కులాలు ఆమెను ఊరొదిలి పారిపోయేలా చేశాయి. సినిమా కూడా మిగల్లేదు. ఎన్నో ఏళ్ళ తర్వాత కొందరు పట్టుబట్టి వెతికితే గానీ ఆమె పేరు జనం నోట పడలేదు. మన తెరవెనుక ఇలా చెరిగిపోయిన పేర్లు లేవని గుండె మీద చెయ్యేసుకుని చెప్పగలమా?

ఇప్పుడు డాక్యుమెంటరీ పేరుతో వస్తున్నవాటిలో చాలా భాగం తారల భజన. సొంత సంస్థలే డబ్బు పెట్టి, సొంతవాళ్ళ చేతే పొగిడించుకునేవి. వాటిని చరిత్ర అనడానికి మేం ఒప్పుకోం. అడగాల్సిన ప్రశ్న అడిగి, కాగితం వెతికి, ఎదుటి మనిషి జవాబు చెప్పేదాకా కెమెరా ఆపకుండా నిలబడేదే డాక్యుమెంటరీ.

మద్రాసులో వాహినీ స్టూడియో ఫ్లోర్లున్న చోట ఇప్పుడు ఆసుపత్రి, మాల్ ఉన్నాయి. ఆ ఫ్లోర్లలో లైట్లు మోసినవారు, నెగెటివ్ కత్తిరించినవారు, గుంపులో నాట్యం చేసినవారు కొందరు కోడంబాక్కం, వడపళని సందుల్లో ఇంకా ఉన్నారు. హైదరాబాద్ కృష్ణానగర్‌లో పొద్దున్నే పిలుపు కోసం నిలబడి జీవితం గడిపిన జూనియర్ ఆర్టిస్టులున్నారు. వీళ్ళలో చాలామందికి డెబ్భై, ఎనభై ఏళ్ళు. రెండు తెలుగు ప్రభుత్వాలు, ఫిల్మ్ చాంబర్ కలిసి వీళ్ళ మాటల్ని ఈ ఏడాదే రికార్డు చేయడం మొదలుపెట్టాలి. అవార్డుల వేడుకలకు పెట్టే ఖర్చులో చిన్న వంతు చాలు. కెమెరా, మైకు, ఓపికగా వినే ఇద్దరు కుర్రాళ్ళు ఉంటే పని సాగుతుంది. అందరికంటే పెద్ద వయసువారి గుమ్మం ముందుగా తట్టాలి.