ఆక్సెల్సెన్ చైనీస్, మన పిల్లల తెలుగు

మా అబ్బాయికి పదకొండేళ్ళు. జ్యూరిక్ పక్కన మేముండే ఊళ్ళో వారానికి రెండు సార్లు షటిల్ క్లబ్బుకి వెళ్తాడు. వాడికి డెన్మార్క్ ఆటగాడు విక్టర్ ఆక్సెల్సెన్ అంటే ప్రాణం. మొన్నొక సాయంత్రం పాత వీడియోలేవో చూస్తున్నవాడు ఉన్నట్టుండి ఫోన్ పట్టుకుని వంటింట్లోకి పరిగెత్తుకొచ్చాడు. "అమ్మా, ఆక్సెల్సెన్ వాళ్ళమ్మది చైనానా?" అన్నాడు. చూస్తే ఆ పొడుగాటి డేనిష్ మనిషి చైనా విలేఖరులకి గలగలా చైనీస్‌లో జవాబులు చెబుతున్నాడు. "కాదురా, నేర్చుకున్నాడు" అన్నాను. "ఎందుకు?" అన్నాడు వాడు. ఆ మాట జర్మన్‌లో అన్నాడు. "అమ్మా" తర్వాత మాటలు జర్మన్‌లోకి జారిపోవడం మా ఇంట్లో మామూలైపోయింది.

ఆ "ఎందుకు"కి జవాబు తేలికే. షటిల్‌లో చైనాది పెద్ద పేరు. అక్కడి ఆటగాళ్ళతో, కోచ్‌లతో మధ్యలో ఎవరూ లేకుండా నేరుగా మాట్లాడాలనుకున్నాడు ఆక్సెల్సెన్. ఇరవయ్యో ఏడు అటూ ఇటుగా ఉన్నప్పుడు మొదలుపెట్టి, టోర్నమెంట్ల మధ్యే పాఠాలు చెప్పించుకున్నాడు. 2021 ఆగస్టులో టోక్యో ఒలింపిక్స్ ఫైనల్లో చైనా ఆటగాడు చెన్ లాంగ్‌ని ఓడించి, ఆ చైనా విలేఖరులతోనే వాళ్ళ భాషలో మాట్లాడాడు. అక్కడి అభిమానులు ఆయన్ని ఆన్ సైలాంగ్ అనే చైనీస్ పేరుతోనే పిలుస్తారు. అంత నేర్చుకున్నా ఆయన డేనిష్ ఎక్కడికీ పోలేదు. డేనిష్ మాట్లాడేవాళ్ళు మొత్తం అరవై లక్షల మంది ఉంటారేమో. మనం 2011 జనాభా లెక్కల్లోనే ఎనిమిది కోట్ల పైచిలుకు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఇక్కడి మన తెలుగు సంఘం ఉగాది వేడుకల్లో భోజనాల దగ్గర ఏటా ఒకే మాట వింటున్నాను. "పిల్లలకి ఇప్పటికే బయట స్విస్ జర్మన్, బళ్ళో అసలు జర్మన్. మూడో తరగతిలో ఇంగ్లీష్, అయిదులో ఫ్రెంచ్. దీని మీద తెలుగు కూడా అంటే బుర్రలు వేడెక్కిపోతాయండీ." ప్రేమతోనే అంటారు, పిల్లల మీద బరువు తగ్గించాలనే అంటారు. కానీ నేను ఒప్పుకోను. పిల్లల తలలో భాషలకి బస్సులో సీట్లలాగా ఇన్నే అనే లెక్కేమీ లేదు. ఒకటి ఎక్కితే ఇంకొకటి దిగిపోనక్కర్లేదు. అక్కర లేకపోతేనే, వాడకపోతేనే భాష దిగిపోతుంది.

మనం రోజూ రైలెక్కి తిరిగే ఈ స్విట్జర్లాండ్‌లోనే ఉంది ఉదాహరణ. రోజర్ ఫెదరర్ బాజెల్‌లో పుట్టాడు. పద్నాలుగేళ్ళప్పుడు, 1995లో, లోజాన్ పక్కన ఎకుబ్లాన్స్‌లో ఉన్న జాతీయ టెన్నిస్ కేంద్రానికి పంపారు. అక్కడ అంతా ఫ్రెంచ్. ఈ అబ్బాయికి ఫ్రెంచ్ రాదు. ఒకరింట్లో ఉంటూ, వారాంతానికి ఇంటికొస్తూ, ఆదివారం సాయంత్రం తిరిగి వెళ్ళాలంటే ఏడ్చేవాణ్ణని ఆయనే చెప్పుకున్నాడు. రెండు, రెండున్నర గంటల ప్రయాణం. అంత చిన్న దూరంలో భాష మారిపోయి, ఆ పిల్లవాడు ఒంటరివాడైపోయాడు. తర్వాత ఇరవై ఏళ్ళ పాటు ప్రతి మ్యాచ్ అయ్యాక ఇంగ్లీష్‌లో ఒకసారి, ఫ్రెంచ్‌లో ఒకసారి, స్విస్ జర్మన్‌లో ఒకసారి విలేఖరుల ముందు కూర్చుని మాట్లాడుతుంటే మనం "అబ్బ, ఎంత తెలివో" అనుకున్నాం. నాకైతే తెలివి కంటే ఆ ఆదివారం సాయంత్రాలే కళ్ళ ముందు కనిపిస్తాయి. కోర్టులో కోచ్ ఏమంటున్నాడో అర్థం కావాలి, భోజనాల బల్ల దగ్గర ఉప్పు అందించమని అడగాలి. ఆ అవసరమే ఆయనకి ఫ్రెంచ్ నేర్పింది.

నోవాక్ జోకోవిచ్ కథా దాదాపు ఇదే. పన్నెండేళ్ళకి సెర్బియా నుంచి మ్యూనిక్ దగ్గర పిలిచ్ టెన్నిస్ అకాడెమీకి వెళ్ళి జర్మన్ పట్టాడు. ఇటాలియన్ కూడా బాగా వచ్చు, రోమ్‌లో జనంతో వాళ్ళ భాషలోనే మాట్లాడతాడు. జోజే మొరీన్యో ఫుట్‌బాల్‌లో పెద్ద కోచ్ కాకముందు ఇంగ్లీష్ కోచ్ బాబీ రాబ్సన్‌కి దుబాసీ. ఆ దుబాసీ పనే ఆయన్ని బార్సిలోనా దాకా తీసుకెళ్ళింది.

అయితే యూరప్ వాళ్ళందరికీ భాషలు పుట్టుకతో వస్తాయని మనవాళ్ళు అనుకోవడం కూడా సరికాదు. 2012లో యూరోపియన్ యూనియన్ చేయించిన సర్వేలో, మాతృభాష కాక ఇంకో భాషలో మాట్లాడగలమన్నవాళ్ళు నూటికి 54 మంది. రెండు వచ్చినవాళ్ళు 25 మందే. లక్సెంబర్గ్‌లో దాదాపు అందరికీ ఇంకో భాష వచ్చు. బ్రిటన్‌లో, ఇటలీలో, హంగేరీలో నూటికి అరవై మందికి పైగా రాదనే చెప్పారు. ఖండం ఒకటే, మరి తేడా ఎక్కడొచ్చింది? లక్సెంబర్గ్ పిల్లలు ఇంట్లో లక్సెంబర్గిష్ మాట్లాడి, బళ్ళో జర్మన్‌లో అక్షరాలు దిద్ది, ఆపైన ఫ్రెంచ్ నేర్చుకుంటారు. డెన్మార్క్, నెదర్లాండ్స్‌లో పరాయి సినిమాలకి కింద అక్షరాలు వేస్తారు గానీ గొంతు మార్చరు. చెవిలో ఇంగ్లీష్ పడుతూనే ఉంటుంది. జర్మనీ, ఇటలీ, స్పెయిన్‌లో డబ్బింగ్ ఎక్కువ. వాడుక ఉన్నచోట భాష వచ్చింది, అంతే.

చిన్న భాష సంగతి కూడా ఇక్కడే చూడొచ్చు. ఇక్కడి గ్రౌబుండెన్ కొండల్లో రొమాన్ష్ అనే భాష మాట్లాడేవాళ్ళు అరవై వేల మంది ఉంటే గొప్ప. మన దగ్గర ఒక మండలం జనాభా అది. మంచు మీద స్కీయింగ్‌లో నాలుగు ఒలింపిక్ స్వర్ణాలు గెలిచిన డారియో కొలోన్యా ఆ భాష మాట్లాడే లోయలో పుట్టినవాడే. ఈ దేశం ఆ భాషకి జాతీయ భాష హోదా ఇచ్చి, దాంట్లో రేడియో, టీవీ నడుపుతోంది. "ఇంత చిన్న భాషతో ఏం పని" అని ఆ లోయలో తల్లులు అనుకుని ఉంటే ఈపాటికి ఆ భాష ఉండేది కాదు.

దీనికి రెండో వైపు కూడా ఉంది, అది నన్ను చాలా రోజులుగా బాధపెడుతోంది. ఫార్ములా వన్ ఛాంపియన్ నికో రోస్‌బర్గ్‌కి జర్మన్, ఇంగ్లీష్, ఫ్రెంచ్, ఇటాలియన్, స్పానిష్ అయిదూ ధారాళంగా వచ్చు. వాళ్ళ నాన్న కేకే రోస్‌బర్గ్ ఫిన్లండ్ వాడు, ఆయన కూడా ప్రపంచ ఛాంపియనే. ఆ నాన్న దేశపు భాష మాత్రం ఆ అయిదింటిలో లేదు. అయిదు భాషలు పట్టిన బుర్రకి ఆరోది బరువై కాదు గదా! ఇంట్లో అది పలకలేదు, అంతే. మన పిల్లల విషయంలో నా భయం కూడా ఇదే. మనవాళ్ళూ నాలుగైదు భాషల్లో దంచేస్తారు, అందులో నాకు అనుమానం లేదు. ఆ నాలుగైదింటిలో తెలుగు ఉంటుందా అన్నదే నా దిగులు.

మా ఇంట్లో జరిగింది చెబుతాను. వేరే ఊళ్ళో ఉన్నప్పుడు, బాబు కిండర్‌గార్టెన్‌లో, అక్కడి టీచరమ్మ ఒకావిడ "ఇంట్లో కూడా జర్మనే మాట్లాడండి, త్వరగా కలుస్తాడు" అని సలహా ఇచ్చింది. మేం టెన్షన్ పడి ఏడాది పాటు అలాగే చేశాం. వాడికి జర్మన్ వచ్చింది గానీ మా దగ్గర్నుంచి రాలేదు, ఆటస్థలంలో తోటి పిల్లల నుంచి వచ్చింది. మా దగ్గర్నుంచి రావాల్సింది తెలుగు. అది ఆ ఏడాదిలో సన్నగిల్లిపోయింది. మొన్న తణుకు నుంచి మా అత్తగారు వీడియో కాల్‌లో "ఏం కూర తిన్నావు నాన్నా?" అని అడిగారు. వాడు తింటున్నది బెండకాయ వేపుడు, వాడికిష్టమైనదే. కాసేపు నా వైపు చూసి, మాట దొరక్క, కంచం ఎత్తి ఫోన్‌కి చూపించాడు. ఆవిడ నవ్వి "బెండకాయా!" అన్నారు. నాకు మాత్రం గొంతు పట్టేసింది.

మన సంఘం శనివారం తెలుగు బడి నడుపుతోంది. అక్కడ పాఠాలు చెప్పేవాళ్ళ ఓపికకి దణ్ణం పెట్టాలి. అక్షరాలు రావాల్సిందే, పద్యం నోటికి రావాల్సిందే. కానీ గంటన్నర పాఠం అవ్వగానే పిల్లలు కారిడార్‌లోకి వచ్చి స్విస్ జర్మన్‌లో అరుచుకుంటారు. ఆట జరిగేది అక్కడే కాబట్టి వాళ్ళ అసలు భాష కూడా అక్కడిదే అవుతుంది. అందుకే కమిటీకి నా విన్నపం: ఆటని కూడా తెలుగులోకి తీసుకురండి. షటిల్, వాలీబాల్, క్రికెట్ ఏదైనా సరే, వారానికి ఒక గంట, కోచింగ్ అంతా తెలుగులో. స్మాష్, నెట్, సర్వీస్ అలాగే ఉండనివ్వండి, తణుకులో కూడా అవే అంటారు. "ముందుకి రా", "నాది నాది", "వదిలెయ్, బయటికి పోతోంది" లాంటి మాటలు తెలుగులో పడాలి. డబుల్స్ ఆడేటప్పుడు మాటకి అరక్షణం కంటే టైం ఉండదు, తలలో తర్జుమా చేసుకునే వీలుండదు. అమలాపురం సాత్విక్, ముంబయి చిరాగ్ షటిల్ డబుల్స్ జోడీగా కలిసి ఆడి ప్రపంచంలో మొదటి స్థానానికి ఎలా చేరారో చూడండి. ఒకసారి మలేషియా కోచ్, ఒకసారి డెన్మార్క్ కోచ్. ఇన్ని భాషల మధ్య కోర్టులో వాళ్ళిద్దరికీ పొట్టి పొట్టి మాటలతోనే పని నడిచింది.

మేం నాలుగు కుటుంబాలం ఈ సెప్టెంబర్ నుంచి మొదలుపెట్టాం. ఆదివారం పొద్దున్నే ఒక బడి జిమ్ హాలు అద్దెకి తీసుకుని, ఎనిమిది మంది పిల్లలతో ఆడిస్తున్నాం. నియమం ఒక్కటే, స్కోరు తెలుగులో చెప్పాలి. మొదటి వారం పది దాటేసరికి అందరూ జర్మన్‌లోకి వెళ్ళిపోయారు. పోయిన ఆదివారం మా వాడి ఆట ఇరవై దగ్గరికొచ్చింది. సర్వీస్ చేయబోతూ ఆగి, "పద్దెనిమిది..." అని తడుముకున్నాడు. అవతలి వైపు నుంచి ఏడేళ్ళ పాప రాకెట్ ఊపుతూ "పంతొమ్మిది! నాది పంతొమ్మిది!" అని అరిచింది. "పద్దెనిమిది, పంతొమ్మిది" అని వాడు సర్వీస్ చేశాడు.